హుద్నా మొదలయ్యాక మూడు గంటలు ఆగాలి: ఖర్తూం నుంచి బయటపడిన నా అనుభవం

సూడాన్ రాజధాని ఖర్తూంకు ఉత్తరాన, నీలి నైలు నదికి అవతల ఉన్న బహ్రీలో ఒక పిండి మిల్లులో నాలుగేళ్లు మెయింటెనెన్స్ ఇంజనీరుగా పనిచేశాను. 2023 ఏప్రిల్ 15న అక్కడి సైన్యానికీ, ఆర్‌ఎస్‌ఎఫ్ అని పిలిచే ర్యాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్ అనే పారామిలటరీ దళానికీ మధ్య యుద్ధం మొదలైంది. పదకొండు రోజులు ఇంట్లో చిక్కుకుపోయి, ఆరు రోజులు దారిలో గడిపి, మే 2న రాజమండ్రి చేరుకున్నాను. ఆ పదకొండు రోజుల్లో ఐక్యరాజ్య సమితి, బయటి దేశాల ఒత్తిడితో ప్రకటించిన కాల్పుల విరమణలను అయిదింటిని ఇంటి గోడల మధ్య నుంచి విన్నాను. చూశాను అనకుండా విన్నాను అంటున్నది ఎందుకంటే, మాకు అందిన రుజువు శబ్దం ఒక్కటే. ‘ఒప్పందం కుదిరింది’ అన్న వార్తకూ ‘ఒప్పందం ఉల్లంఘించారు’ అన్న వార్తకూ మధ్య ఆ ఊళ్లో ఉన్న మనిషికి ఏం జరుగుతుందో, ఎవరి కోసం కుదిరిన ఒప్పందం ఎంతసేపు నిలబడుతుందో నాకు తెలిసినంత మేరకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

అక్కడ శుక్రవారం, శనివారం సెలవు. ఏప్రిల్ 15 శనివారం, పైగా రంజాన్ నెల కావడంతో వీధి ఇంకా నిద్ర లేవలేదు. ఇంట్లో మేము నలుగురం ఉండేవాళ్లం: నేను, కరీంనగర్ నుంచి వచ్చిన ఎలక్ట్రీషియన్ కుర్రాడు, శ్రీకాకుళం నుంచి వచ్చిన ఫిట్టరు, మిల్లులో ల్యాబ్ చూసే మదురై పెద్దాయన. ఉదయం బట్టలు ఆరేస్తుంటే మొదటి శబ్దాలు వినిపించాయి. వీధి చివర లారీలోంచి గ్యాస్ సిలిండర్లు దించుతున్నారనుకున్నాను. రెండో నిమిషానికి నది అవతల, విమానాశ్రయం వైపు నల్లటి పొగ లేచింది. కరీంనగర్ కుర్రాడు మేడ మెట్లు దిగుతూ “అన్నా, ఇవి పటాకులు కావు” అన్నాడు. ఆ తర్వాత పదకొండు రోజులు మేము మేడ ఎక్కలేదు.

పక్కింట్లో ఒక రిటైర్డ్ బడిపంతులు ఉండేవారు. అక్కడ పంతుళ్లను ‘ఉస్తాజ్’ అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్లం. ఆయన నన్ను ‘బాష్‌ముహందిస్’ అనేవారు, ఇంజనీరు గారూ అన్నట్టు. యుద్ధానికి మూడు వారాల ముందు నుంచే ఆయన దిగులుగా ఉండేవారు. 2022 డిసెంబరు 5న సైన్యమూ, ఆర్‌ఎస్‌ఎఫ్, కొన్ని పౌర పక్షాలూ కలిసి, పౌర పాలనకు దారి వేసే ఒక ఫ్రేమ్‌వర్క్ ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఐక్యరాజ్య సమితి, ఆఫ్రికన్ యూనియన్, తూర్పు ఆఫ్రికా దేశాల ఇగాడ్ కూటమి దగ్గరుండి నడిపించగా, అమెరికా, బ్రిటన్, సౌదీ, ఎమిరేట్స్ వెనక నిలబడ్డాయి. తుది సంతకానికి మొదట ఏప్రిల్ 1, తర్వాత ఏప్రిల్ 6 అని తేదీలు వేశారు, రెండూ తప్పిపోయాయి. ఆర్‌ఎస్‌ఎఫ్‌ను సైన్యంలో ఎన్నేళ్లలో కలపాలన్నది అసలు చిక్కు. సైన్యం రెండేళ్లు అంటే, ఆర్‌ఎస్‌ఎఫ్ పదేళ్లు అంది. బయటివాళ్లు సంతకం తేదీ చూస్తున్నారు గానీ, రెండుకీ పదికీ మధ్య ఉన్న ఎనిమిదేళ్లను ఎవరూ చూడడం లేదని ఉస్తాజ్ అన్నప్పుడు, అది రాజకీయం, మనకెందుకు అనుకున్నాను. తేదీ దగ్గరపడే కొద్దీ ఇద్దరూ ఊళ్లోకి బలగాలు దించుకుంటూ వచ్చారు. సంతకం తర్వాత ఎవరి చేతిలో ఏముంటుందో అదే మిగులుతుందని ఇద్దరికీ తెలుసు. ఇది నాకు ఇంటికి చేరాక, తీరిగ్గా ఆలోచిస్తే అర్థమైంది.

‘హుద్నా’ అంటే కాల్పుల విరమణ. యుద్ధం రెండో రోజు, ఏప్రిల్ 16 మధ్యాహ్నం, ఈ మాట మొదటిసారి విన్నాను. ఐక్యరాజ్య సమితి కోరగా సాయంత్రం 4 నుంచి 7 వరకు మూడు గంటలు హుద్నా అని టీవీలో చెప్పారు. మా దగ్గర తాగునీళ్లు రెండు క్యాన్లే ఉన్నాయి, బహ్రీ నీటి శుద్ధి కేంద్రం ఆగిపోయి కుళాయిల్లో చుక్క రావడం లేదు. నాలుగు కాగానే నేనూ, శ్రీకాకుళం అతనూ ఖాళీ క్యాన్లు పట్టుకుని గేటు తీశాం. అరవై అడుగులు నడిచామో లేదో, వీధి మలుపులో తుపాకులు మోగాయి. గోడ పక్కన క్యాన్ల వెనక కూర్చున్నాం. ప్లాస్టిక్ క్యాను తూటాను ఆపదని తెలిసినా, చేతులు దాన్నే అడ్డం పెట్టుకున్నాయి. ఇరవై నిమిషాల తర్వాత నీళ్లు లేకుండానే ఇంటికొచ్చాం.

ఏప్రిల్ 18 సాయంత్రం 6 నుంచి 24 గంటల హుద్నా అన్నారు. అమెరికా విదేశాంగ మంత్రి బ్లింకెన్ ఇద్దరు జనరళ్లతోనూ, సైన్యాధిపతి బుర్హాన్‌తోనూ ఆర్‌ఎస్‌ఎఫ్ అధిపతి హెమెద్తీతోనూ, విడివిడిగా ఫోన్లో మాట్లాడారని చెప్పారు. ఆ రోజు అయిదున్నర నుంచి ఆరు వరకు జరిగినంత కాల్పులు అంతకుముందు నేను వినలేదు. ఆరు దాటాక కూడా ఆగలేదు. 19న మళ్లీ అదే ఆరింటికి, మళ్లీ 24 గంటలు అన్నారు. మళ్లీ అదే జరిగింది. అప్పుడు ఉస్తాజ్ గోడ మీదుగా మాకు ఒక పాఠం చెప్పారు. హుద్నా గడియ ముందే తెలిసిపోతే, ఆలోపు ఇంకో వీధి, ఇంకో వంతెన పట్టుకోవాలని ఇద్దరూ తొందరపడతారు. గడియ దాటాక, అవతలివాడు ఆగాడా లేదా అని చూడడానికి కాలుస్తారు. అందుకని, హుద్నా నిజంగా పట్టిందో లేదో తెలియాలంటే మొదలైన తర్వాత మూడు గంటలు ఇంట్లోనే ఆగాలి, ఆ మూడు గంటల్లో గాడిద బండి చప్పుడు వినిపిస్తే బయటికి వెళ్లవచ్చు. నీళ్ల పీపాలు మోసే ఆ గాడిద బండ్ల వాళ్లకు ఊళ్లో ఏ వీధి ఎలా ఉందో అందరికన్నా ముందు తెలుస్తుంది. ఆ తర్వాత మేము వార్తల కోసం రేడియో పెట్టుకున్నా, గేటు తీయడానికి మాత్రం బండి చప్పుడు కోసమే చూశాం. పీపా నీళ్లకు అంతకుముందు ఇచ్చిన దానికి అయిదింతలు ఇచ్చాం.

డబ్బు సంగతి చెప్పాలి. అక్కడ చాలామంది ‘బంకక్’ అనే బ్యాంకు యాప్‌తోనే అన్నీ కొంటారు, నా జీతమూ అందులోనే పడేది. కరెంటు, నెట్ పోయేసరికి యాప్ తెరుచుకోలేదు, ఏటీఎంలు మూతపడ్డాయి. చేతిలో 42 వేల సూడానీ పౌండ్లు, అంటే సుమారు 70 డాలర్లు మిగిలాయి. మదురై పెద్దాయన మాత్రం బియ్యం డబ్బా అడుగున 600 డాలర్లు దాచుకున్నారు. ఆ డబ్బు లేకపోతే నలుగురం బయటపడేవాళ్లం కాదు. గల్ఫ్‌కైనా, ఆఫ్రికాకైనా వెళ్లేవాళ్లకు నా మొదటి మాట ఇదే: యాప్‌లో ఎంత ఉన్నా సరే, మనిషికి 300 డాలర్లు కాగితాల రూపంలో ఇంట్లో ఉంచుకోండి. పాస్‌పోర్టు ఎవరికీ ఇవ్వకండి. మా శ్రీకాకుళం అతని పాస్‌పోర్టు వీసా పొడిగింపు కోసమని కంపెనీ ఆఫీసులో ఉండిపోయింది. ఆ ఆఫీసు ఉన్న వీధికి మళ్లీ ఎవరూ వెళ్లలేకపోయారు.

ఏప్రిల్ 21 రంజాన్ పండుగ. ఉదయం 6 నుంచి 72 గంటల హుద్నా అని ఆర్‌ఎస్‌ఎఫ్ ప్రకటించింది, ఐక్యరాజ్య సమితి నుంచీ అమెరికా నుంచీ వచ్చిన ఒత్తిడి దాని వెనక ఉంది. పండుగ నమాజు వేళకు కూడా ఫిరంగులు మోగుతూనే ఉన్నాయి. మధ్యాహ్నం ఉస్తాజ్ మనవరాలు గోడ మీదుగా ఒక పళ్లెం అందించింది. అందులో పంచదార పొడి చల్లిన బిస్కెట్లు ఆరు ఉన్నాయి. వాళ్లింట్లో ఏడుగురు, మా ఇంట్లో నలుగురం. మేము రెండు తీసుకుని, అరకిలో కందిపప్పు పెట్టి పళ్లెం తిరిగి ఇచ్చాం. ఆ రోజు ఆయన నన్ను అడిగిన ప్రశ్న నాతోపాటు రాజమండ్రి వరకు వచ్చింది. “మీ దేశాల వాళ్లంతా వెళ్లిపోయాక, ఈ హుద్నా ఎవరి కోసం నిలబడుతుంది, బాష్‌ముహందిస్?” నేను జవాబు చెప్పలేదు. ఆయనా జవాబు కోసం అడగలేదు.

ఆ ప్రశ్న ఊరికే వచ్చింది కాదు. యుద్ధం మొదలైన రోజునే, సూడాన్ ఉత్తర భాగంలోని మెరోవే విమానాశ్రయంలో ఉన్న ఈజిప్టు సైనికులను ఆర్‌ఎస్‌ఎఫ్ పట్టుకుంది. వారం తిరగకముందే వాళ్లు క్షేమంగా విడుదలయ్యారు. 22న సౌదీ తన పౌరులను, వాళ్లతో పాటు కొందరు ఇతర దేశాల వాళ్లను ఓడల్లో జిద్దాకు తీసుకెళ్లింది. ఆ రాత్రే అమెరికా హెలికాప్టర్లు వచ్చి తన రాయబార కార్యాలయ సిబ్బందిని తీసుకెళ్లాయి. 23న బ్రిటన్, ఫ్రాన్స్ కదిలాయి. తమ వాళ్ల కోసం మాట్లాడినప్పుడు బయటి దేశాల మాట ఇద్దరు జనరళ్ల దగ్గరా చెల్లింది. మన విదేశాంగ మంత్రి జైశంకర్ 18నే సౌదీ, ఎమిరేట్స్ మంత్రులతో మాట్లాడారని, 20న న్యూయార్క్‌లో ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శిని కలిశారని విన్నప్పుడు మాకు ప్రాణం లేచొచ్చింది. ఆ ఊరట నిజం. గోడ అవతల ఉన్నవాళ్లకు అలా మాట్లాడే మంత్రి ఎవరూ లేరన్నదీ నిజమే.

23 ఆదివారం మాకు అన్నిటికన్నా కష్టమైన రోజు. దేశమంతటా ఇంటర్నెట్ దాదాపు పూర్తిగా పోయింది. రాయబార కార్యాలయం వాట్సాప్‌లో సమాచారం పెడుతుందని చెప్పారు గానీ, ఆ వాట్సాపే లేదు. అదే రోజు మాకు దగ్గర్లోనే ఉన్న కోబర్ జైలు నుంచి ఖైదీలు బయటికొచ్చేశారని తెలిసింది. రాత్రి వీధిలో అడుగుల చప్పుడు వినిపించినప్పుడల్లా దీపం ఆర్పి, నలుగురం ఒకే గదిలో గోడకు ఆనుకుని కూర్చున్నాం. మామూలు ఫోను మాత్రం మధ్యమధ్య పలికేది. మా ఆవిడతో ఒక నిమిషం మాట్లాడాను. “ఏమండీ, నీళ్లున్నాయా?” అని అడిగింది. ఉన్నాయన్నాను, ఆ పూటకు ఉన్నాయి కూడా. అందుకే చెబుతున్నాను, రాయబార కార్యాలయం నంబరును, తెలిసిన అయిదుగురు భారతీయుల నంబర్లను కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. ఫోన్లోని నంబర్లు ఛార్జింగ్ ఉన్నంతసేపే పనికొస్తాయి.

24న బ్లింకెన్ ప్రకటన వచ్చింది. 48 గంటల చర్చల తర్వాత, ఆ అర్ధరాత్రి నుంచి 72 గంటల హుద్నాకు ఇద్దరూ ఒప్పుకున్నారు. అదే రోజు భారత ప్రభుత్వం సూడాన్‌లోని భారతీయులను తరలించే ‘ఆపరేషన్ కావేరి’ మొదలైందని ప్రకటించింది. 25 ఉదయం గాడిద బండి వచ్చింది. తొమ్మిదిన్నరకు రెండో బండి. విమానాల మోత పూర్తిగా పోలేదు గానీ, పది రోజుల తర్వాత మొదటిసారి పిచ్చుకలు వినిపించాయి. ఈ హుద్నా మిగతా నాలుగింటి కన్నా ఎందుకు బాగా పట్టింది? పౌరుల మీద దయ ఆ రోజు కొత్తగా పుట్టిందని నేను నమ్మను. ఆ మూడు రోజుల్లో అన్ని దేశాల జెండాలు కట్టిన బస్సులు, విమానాలు ఖర్తూం దాటాల్సి ఉంది. వాటిలో ఒక్కదానికి ఏమైనా అయితే ఆ నింద మోయడానికి బుర్హాన్‌గానీ, హెమెద్తీగానీ సిద్ధంగా లేరు. రేపు ఎవరి గుర్తింపు కావాలో, ఎవరి ఆయుధాలు, ఎవరి బంగారం మార్కెట్టు కావాలో వాళ్లు చూస్తున్నారు కాబట్టి కొంత ఆగారు.

బస్సు కుదిర్చింది మిల్లు కాదు. మిల్లు యాజమాన్యం ఫోను పదో రోజు నుంచీ ఎత్తడం మానేసింది. బహ్రీలో ఉన్న భారతీయులం నలభై ఎనిమిది మందిమి చందాలు వేసుకుని, మనిషికి 110 డాలర్ల చొప్పున ఒక బస్సు మాట్లాడుకున్నాం. డబ్బు సరిపోని పద్నాలుగు మందికి మిగతావాళ్లు సర్దారు. డీజిల్ మేమే తెచ్చుకోవాలని డ్రైవరు చెప్పినప్పుడు ఏడుపొచ్చింది. మిల్లు జనరేటరు ట్యాంకులో ఎంత మిగిలిందో తెలిసినవాణ్ణి నేనే కాబట్టి, వాచ్‌మన్‌ను బతిమాలి, రెండు డ్రమ్ములు నింపి గాడిద బండి మీదే తెచ్చాం. భారత జెండా కట్టాలని అధికారులు ఫోన్లో చెప్పారు. జెండా ఎవరి దగ్గర ఉంటుంది? కరీంనగర్ కుర్రాడు ఫ్యాక్టరీ సేఫ్టీ జాకెట్టులోంచి నారింజ గుడ్డ, దిండు గలీబులోంచి తెల్ల గుడ్డ, తన పాత లుంగీలోంచి ఆకుపచ్చ గుడ్డ కోసి, మూడింటినీ చేత్తో కుట్టి, మధ్యలో బాల్‌పెన్నుతో చక్రం గీశాడు. ఆకులు లెక్కపెడుతూ ఇరవై నాలుగూ గీశాడు. బస్సు అద్దానికి అడ్డంగా కడుతుంటే వాడి చేతులు వణికాయి.

26 ఉదయం అయిదింటికి బయల్దేరాలనుకున్నాం, పదకొండయింది. ఉత్తరంగా జైలీ మీదుగా షెండీ, అత్బరా, అక్కణ్ణుంచి తూర్పుకు తిరిగి హయ్యా, పోర్ట్ సూడాన్. దాదాపు 850 కిలోమీటర్లు. ఏ వీధి గుండా హైవే ఎక్కాలో చెప్పింది ఏ దేశమూ కాదు. వీధి కమిటీ కుర్రాళ్లు ఇద్దరు, ఇరవై ఏళ్లు దాటని వాళ్లు, తెల్లవారుజామున ఆర్‌ఎస్‌ఎఫ్ పికెట్ దగ్గరికి నడిచి వెళ్లి, హిందీల బస్సు వస్తుందని ముందే మాట్లాడి వచ్చారు. అక్కడ భారతీయులను హిందీలు అంటారు. ప్రకటన వాషింగ్టన్‌లో వచ్చినా, మా వీధికి దాన్ని మోసుకొచ్చింది ఆ ఇద్దరే. వాళ్లలాంటి కుర్రాళ్లే ఊరంతా ఆసుపత్రులకు మందులు, ఇళ్లకు భోజనాలు చేరవేశారు. తర్వాత జిద్దాలో జరిగిన చర్చల్లో మాత్రం వాళ్లకు కుర్చీ లేదు. సైన్యం, ఆర్‌ఎస్‌ఎఫ్ తప్ప ఏ సూడానీ పౌరుడూ ఆ బల్ల దగ్గర లేడు. ఈ మాట దగ్గర నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఉస్తాజ్ గేటు దగ్గరికి వచ్చి, నా చేతిలో వాళ్లింటి తాళంచెవి ఒకటి పెట్టబోయి, మళ్లీ జేబులో వేసుకున్నారు. ఏం ఆలోచించారో అడగలేదు. మా ఇంట్లో మిగిలిన బియ్యం, గ్యాస్ సిలిండరు, సగం క్యాను నూనె వాళ్లింట్లో పెట్టాం.

జైలీ దాటేలోపు పదకొండు చోట్ల ఆపారు. కొన్ని ఆర్‌ఎస్‌ఎఫ్‌వి, ఆ తర్వాత సైన్యానివి. ఫోన్లలో ఫొటోలు చూసి చెరిపేయించారు, ముగ్గురి దగ్గర డబ్బు తీసుకున్నారు. ఒక పికెట్ దగ్గర పదహారేళ్లు కూడా ఉండని కుర్రాడు తుపాకీ గొట్టంతో మా జెండాను పైకెత్తి, బాల్‌పెన్ను చక్రాన్ని చాలాసేపు చూసి, “రూహ్” అన్నాడు. వెళ్లండని. అత్బరా దగ్గర టైరు పేలి నాలుగు గంటలు పోయాయి. అక్కడి ఊరివాళ్లు మాకు ఉడికించిన ఫూల్ చిక్కుళ్లు, రొట్టెలు తెచ్చిపెట్టి డబ్బు తీసుకోలేదు. 27 మధ్యాహ్నం పోర్ట్ సూడాన్ చేరాం.

అక్కడ రెండు రాత్రులు ఒక బడి వరండాలో పడుకున్నాం. భోజనం, నీళ్లు మన అధికారులు ఇచ్చారు. పేర్ల జాబితా మూడుసార్లు రాశారు. మూడుసార్లూ నా ఇంటిపేరు మూడు రకాలుగా పడింది, కాబట్టి వరసలో నిలబడినప్పుడు పాస్‌పోర్టు చూపించి స్పెల్లింగు సరిచూసుకోండి. పాస్‌పోర్టు లేని శ్రీకాకుళం అతనికి ఫొటోకాపీ ఆధారంగా అత్యవసర ధ్రువపత్రం రాసిచ్చారు. ఆ ఫొటోకాపీ మదురై పెద్దాయన సంచిలో దొరకడం అదృష్టం. 27 రాత్రి హుద్నాను ఇంకో 72 గంటలు పొడిగించారు. 28న ఖర్తూం దగ్గర వాదీ సెయిద్నా స్థావరంలో దిగబోతున్న టర్కీ విమానం మీద కాల్పులు జరిగాయని విన్నప్పుడు, మేము వదిలి వచ్చిన రోడ్డు ఎంత సన్నటి తాడో తెలిసింది.

మన నౌకాదళం సుమేధ, తేగ్, తర్కష్ అనే మూడు నౌకలతో మనుషులను ఎర్రసముద్రం దాటించింది. 29 సాయంత్రం మా వంతు వచ్చింది. జిద్దా సుమారు 300 కిలోమీటర్లు, రాత్రంతా ప్రయాణం. డెక్కు మీద వేడి అన్నం, పప్పు పెట్టారు. గరిటె పట్టుకున్న కుర్రాడు మా మాటలు విని, “ఎక్కడండీ మీది? మాది అనకాపల్లి” అన్నాడు. పదిహేను రోజులు రాని కన్నీళ్లు అప్పుడు వచ్చాయి. పళ్లెం పట్టుకుని పక్కకు వెళ్లి నిలబడ్డాను.

30 ఉదయం జిద్దాలో దిగాం. అక్కడి భారతీయ పాఠశాలలో పరుపులు, స్నానాలకు నీళ్లు, డాక్టర్లు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. రాత్రి విమానంలో బయల్దేరి మే 1న ఢిల్లీ చేరాం. మేము ఊహించనిది అక్కడ ఎదురైంది. ఎల్లో ఫీవర్ టీకా కార్డు లేనివాళ్లను క్వారంటైన్‌కు పంపారు. నా పసుపు కార్డు పాస్‌పోర్టుకు పిన్ను చేసి ఉండడం వల్ల వదిలారు. కరీంనగర్ కుర్రాడి కార్డు బహ్రీలోని బీరువాలో ఉండిపోయింది, వాడు ఆరు రోజులు అక్కడే ఉన్నాడు. భోజనం, పడక ఉచితమే గానీ, ఇల్లు అంత దగ్గరికొచ్చి ఆగిపోవడంతో వాడు బాగా కుంగిపోయాడు. టీకా కార్డు ఫొటో ఒకటి మీ మెయిలుకు మీరే పంపి ఉంచుకోండి. ఆంధ్రప్రదేశ్ భవన్ సిబ్బంది మాకోసం ఎదురుచూసి, తర్వాతి ప్రయాణానికి టిక్కెట్లు ఇచ్చారు. మొత్తం మీద నా జేబులోంచి అయిన ఖర్చు 230 డాలర్లు, అందులో ఎక్కువ భాగం మదురై పెద్దాయనకు ఇంకా బాకీ. రెండు నెలల జీతం, బంకక్‌లో ఉన్నదీ అక్కడే ఉండిపోయాయి. కంపెనీకి ఇప్పటికి నాలుగు మెయిళ్లు పెట్టాను, జవాబు లేదు.

ఆపరేషన్ కావేరి మే 5న ముగిసింది. 3,862 మందిని తెచ్చారు. ఆ మరుసటి రోజు, మే 6న, మేము స్నానం చేసి నిద్రపోయిన జిద్దాలోనే సౌదీ, అమెరికా పెద్దరికంలో రెండు పక్షాల ప్రతినిధులు కూర్చున్నారు. మే 11న సంతకమైన ప్రకటన పౌరులను కాపాడతామని, ఆసుపత్రుల నుంచి బలగాలను తప్పిస్తామని, చనిపోయినవాళ్లను ఖననం చేయనిస్తామని చెప్పింది. అయితే అది కాల్పుల విరమణ కాదు. పైగా, ఈ సంతకం వల్ల ఎవరి హోదా మారదన్న వాక్యం కూడా అందులో ఉంది. తిరుగుబాటుదారుతో సమానంగా కూర్చున్నానన్న మాట సైన్యానికి వద్దు. చిన్నవాడిగా కనబడడం ఆర్‌ఎస్‌ఎఫ్‌కు వద్దు. బయటివాళ్లు వేసిన బల్ల దగ్గర వాళ్లకు ముందు కనిపించింది ఆ హోదా ప్రశ్నే అని నాకనిపించింది.

మే 20న ఏడు రోజుల ఒప్పందం కుదిరి, 22 రాత్రి 9.45కి అమల్లోకి వచ్చింది. ఈసారి పర్యవేక్షణకు 12 మందితో ఒక కమిటీ కూడా వేశారు: రెండు పక్షాల నుంచి, అమెరికా, సౌదీల నుంచి ముగ్గురేసి. ఆ కమిటీ బహ్రీలో లేదు, జిద్దాలో ఉంది. అయినా ఆ వారంలో కొంత మందులు, కొంత తిండి కదిలాయని ఉస్తాజ్ చెప్పారు, దాన్ని నేను తక్కువ చేయను. మే 31న సైన్యం చర్చల నుంచి తప్పుకుంది. ఆర్‌ఎస్‌ఎఫ్ ఇళ్లను, ఆసుపత్రులను ఖాళీ చేయలేదన్నది దాని ఫిర్యాదు. జూన్ 1న అమెరికా రెండు పక్షాలకూ చెందిన నాలుగు కంపెనీల మీద ఆంక్షలు పెట్టింది. ఆర్‌ఎస్‌ఎఫ్ వైపు వాటిలో ఒకటి బంగారం వ్యాపారానిది, ఇంకొకటి ఎమిరేట్స్‌లో నడుస్తున్నది. ఆ పేర్లు చదివాక నాకు ఒక విషయం స్పష్టమైంది. డిసెంబరు ఒప్పందం వెనక నిలబడ్డ నాలుగు దేశాల్లో ఎమిరేట్స్ ఒకటి. మధ్యవర్తి ఇంట్లోనే ఒక పక్షం దుకాణం నడుస్తున్నప్పుడు, ఆ మధ్యవర్తి గద్దింపును ఆ పక్షం ఎంత వరకు పట్టించుకుంటుంది? సైన్యానికి దగ్గరగా ఉండే ఈజిప్టు సైనికులు మెరోవేలో ఎందుకున్నారన్నదీ ఇలాంటి ప్రశ్నే. జూన్ 8న ఐక్యరాజ్య సమితి రాయబారి పెర్తెస్ దేశంలో ఉండరాదని సైనిక ప్రభుత్వం ప్రకటించింది. జూన్ 10న 24 గంటల హుద్నా చాలావరకు నిలబడింది గానీ, గడువు తీరిన నిమిషాల్లోనే ఫిరంగులు మళ్లీ మొదలయ్యాయి. పొడిగింపు అడిగేందుకు ఈసారి అక్కడ ఎవరి రాయబార కార్యాలయమూ లేదు, ఎవరి బస్సూ రోడ్డు మీద లేదు.

బయటివాళ్లు జోక్యం చేసుకోకూడదని నేను అనలేను. వాళ్ల జోక్యమే లేకపోతే ఈ రోజు ఇది రాసేవాణ్ణి కాదు. కాని మమ్మల్ని దాటించడానికి వాళ్లు వాడిన పలుకుబడిలో సగమైనా, మేము దాటిపోయాక ఆ వీధి కోసం వాడారని చెప్పడానికి నాకు ఒక్క రుజువూ దొరకలేదు. 2023 జూన్ నడిమికే 20 లక్షలకు పైగా మనుషులు ఇళ్లు వదిలారు. ఉస్తాజ్ వదల్లేదు. ఆయన భార్యకు డయాలిసిస్ కావాలి, అది లేకుండా దూర ప్రయాణం చేయలేరు.

ఇది 2023 జూన్ 17 రాత్రి రాస్తున్నాను. రేపు ఉదయం 6 నుంచి మరో 72 గంటల హుద్నా అని సౌదీ, అమెరికా ఇప్పుడే ప్రకటించాయి. అక్కడి ఆరు మనకు తొమ్మిదిన్నర. సాయంత్రం ఫోను కలిసింది. ఉస్తాజ్ తన భార్యను ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఒక గాడిద బండి మాట్లాడుకున్నారు, మెషీను పనిచేస్తోందని వీధి కుర్రాళ్లు చూసి చెప్పారట. ఎన్నింటికి బయల్దేరుతున్నారని అడిగాను. తొమ్మిదికి అన్నారు.